రెండో ప్రవక్త

ఆ విద్యాపీఠంలో అతన్ని అందరూ ‘అల్లుడుగారు’ అనే పిలిచేవారు. పెళ్లీ పెటాకులూ లేని క్రైస్తవ గురువుల కొంపలో ఈ అల్లుడుగారెవరని కొత్తగా చేరినవాళ్లు నోరు వెళ్లబెట్టేవారు. సంగతేమిటంటే, చేరిన మొదటి వారంలోనే హీబ్రూ క్లాసులో ఏదో సందేహం వచ్చి, చెయ్యెత్తి, ‘ప్రొఫెసర్‌గారూ’ అనబోయి ‘మామయ్యా’ అనేశాడు. క్లాసంతా గొల్లుమంది. బల్ల వెనక నిలబడ్డ ప్రొఫెసరు మాత్రం నవ్వలేదు.

“ఈ గదిలో నీకు మామయ్య లేడు, క్రియాపదం ఉంది. దాని సంగతి అడుగు,” అన్నాడు.

అంతే. ఆ సాయంత్రానికల్లా ప్రొఫెసరుగారు అందరికీ మామయ్య అయిపోయాడు, అతనేమో అల్లుడుగారు. నిజానికి మేనమామే. అమ్మకు స్వయానా తమ్ముడు. అమ్మ పెద్దాసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనిచేసి తమ్ముణ్ణి గురువును చెయ్యడానికి సెమినరీలో చదివించింది. భర్త పోయాక అదే పనిచేసి కొడుకునూ అక్కడికే పంపింది. “మా అమ్మ కన్నవాణ్ణీ నేను కన్నవాణ్ణీ ఇద్దర్నీ ఆయనకే ఇచ్చేశాను. ఇక దేవుడు నా గడప తొక్కి అడగడానికేం లేదు,” అని ఇరుగుపొరుగుతో అనేది.

విద్యాపీఠం పుట్టిన వైనం అల్లుడు చిన్నప్పటి నుంచీ విన్నదే. అంతకు ముందు గురువులు కాబోయేవాళ్లకు బైబులంటే చేతులు మారి వచ్చిన సరుకు. హీబ్రూలో ఏముందో, గ్రీకులో ఏముందో చూసినవాడు లేడు. ఎవరో రాసిన సంగ్రహాన్ని ఇంకెవరో కుదించి చెబితే బట్టీ పట్టడమే. ‘పెద్దాయన’ అని అందరూ పిలిచే ఒక గురువు కాళ్లరిగేలా తిరిగి, చర్చి పైవాళ్లను బతిమాలి, బామాలి, ఈ పీఠాన్ని పెట్టించాడు. అప్పటికే గురుపట్టం పొంది, ఒక డిగ్రీ ఉన్నవాళ్లే ఇందులో చేరాలి. పవిత్ర గ్రంథాన్ని అది పుట్టిన భాషల్లోనే చదవాలి. చోటు దొరక్క పాత ఉన్ని గోదాములో మొదలుపెట్టారు. వాన పడితే చాలు, ఇప్పటికీ గోడల్లోంచి తడిసిన గొర్రె వాసన వస్తుంది.

యుద్ధం వచ్చినప్పుడు సైన్యం గోదామును గాయపడ్డవాళ్ల కోసం తీసేసుకుంది. పుస్తకాలన్నీ నేలమాళిగలోకి దింపారు. ఆ చలికాలం నది పొంగి మాళిగలోకి నీళ్లొచ్చాయి. అప్పటికి కుర్ర గురువైన మామయ్య తడిసిన సంపుటాలను చేతిబండి మీదికెత్తి, అక్క పనిచేసే ఆసుపత్రికి తోసుకెళ్లాడు. దుప్పట్లు ఆరేసే వేడిగదిలో, తీగల మీద, అమ్మ ఒక్కొక్క పుస్తకాన్నీ తెరిచి బోర్లించింది. రోగుల దుప్పట్ల మధ్య పూర్వ నిబంధన అలా ఆరింది. పుస్తకాలు బతికాయి గానీ పెద్దాయన బతకలేదు. ఆ మాళిగ చెమ్మ ఊపిరితిత్తుల్లోకి దిగి, వసంతం రాకుండానే పోయాడు. యుద్ధం ముగిశాక హీబ్రూ చెప్పే కుర్చీ మామయ్యకిచ్చారు.

మామయ్య క్లాసుల్లో అల్లుడికి జీవితాంతం గుర్తుండిపోయిన పాఠం ఒకటుంది. పెద్ద ప్రవక్త ఒకాయన పేరున ఉన్న పొడవాటి గ్రంథం మీద పాఠమది. గ్రంథం మొదటి సగంలో నగరం ఇంకా నిలబడే ఉంటుంది, రాజుంటాడు, ముప్పు వస్తోందని ప్రవక్త హెచ్చరిస్తుంటాడు. సగం దాటేసరికి నగరం కూలిపోయి ఉంటుంది, జనం పరాయి దేశంలో బందీలై ఉంటారు, గొంతు కూడా మారిపోతుంది. కేకలుండవు, ఓదార్పు ఉంటుంది. జరగబోయేదంతా ఆ ఒక్క ప్రవక్తే ముందుగా చూసి రాశాడని అనాదిగా చెప్పుకునే మాట. మామయ్య కొన్ని నెలలపాటు మాటమాటా విప్పి, వ్యాకరణం చూపించి, చివర్లో అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“గ్రంథం ఒకటే. గొంతులు రెండు,” అన్నాడు. “మొదటాయన రాబోయే దెబ్బ గురించి చెబుతున్నాడు. రెండో ఆయన దెబ్బ తిన్నవాళ్ల పక్కన కూర్చుని చెబుతున్నాడు. ఆయన పేరు మనకి తెలీదు, చెప్పుకోలేదు పాపం. కానీ బందీలతో అంత మెత్తగా మాట్లాడగలిగినవాడు తానూ బందీయే అయ్యుండాలి. ఒడ్డున నిలబడ్డవాడికి ఆ గొంతు రాదు.”

ఎవరూ కలం కదపలేదు. అదే మామయ్య వారం వారం ఇంటికొచ్చి, అమ్మ చేతి సూపు తాగి, ఉప్పెక్కువైందని సణిగే మనిషంటే అల్లుడికి నమ్మబుద్ధి కాలేదు.

ఆ మాట గోడలు దాటింది. దైవశాస్త్రం చెప్పి రిటైరైన ఒక పెద్దమనిషి ‘ఉన్నిలో తోడేళ్లు’ అని చిన్న పుస్తకం అచ్చేయించి ఊరూరా పంచాడు. ఉన్ని గోదాములో కూర్చున్న కొందరు పండితులు ప్రవక్తను రంపంతో రెండు ముక్కలు కోస్తున్నారనీ, రేపు సువార్తలనూ కోస్తారనీ దాని సారాంశం. మామయ్య పేరు ఎక్కడా రాయలేదు. రాయనక్కర్లేకుండానే అందరికీ తెలిసింది.

ఆ ఏడాదే ఒక ఉదయం, క్లాసు మధ్యలో, పీఠానికి పెద్ద అయిన రెక్టరుగారు తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డారు. మెత్తని మనిషి. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

“ఫాదర్, ఒక్కసారి బయటికి రావాలి,” అన్నారు.

“ఈ వాక్యం పూర్తిచేసి వస్తాను,” అన్నాడు మామయ్య.

“వద్దు ఫాదర్. పూర్తిచెయ్యకండి.”

మామయ్య చేతిలో సుద్దముక్క అలాగే ఉంది. దాన్ని బోర్డు కింది చెక్క మీద పెట్టి, చేతులు దులుపుకుని, విద్యార్థుల వైపు చూడకుండా వెళ్లిపోయాడు. సగం వాక్యం బోర్డు మీద మిగిలిపోయింది. తుడవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. మర్నాడు వచ్చిన కొత్త ప్రొఫెసరే తుడిచాడు. అంగీ మీద గానీ అభిప్రాయాల్లో గానీ ఒక్క ముడతా ఉండదని ఆయనకు ‘ఇస్త్రీ ఫాదర్’ అని పేరుపెట్టారు కుర్రాళ్లు. నవ్వడానికి మాత్రం ఎవరికీ మనసు రాలేదు.

పైనుంచి వచ్చిన ఆజ్ఞ ఇదీ: మామయ్య పాఠం చెప్పకూడదు, రాయకూడదు, విద్యార్థులతో చదువు విషయం ఎత్తకూడదు. గురువుల ఇంట్లోంచి పొమ్మనలేదు. అదే గదిలో ఉండొచ్చు, అదే భోజనాల గదిలో తినొచ్చు. చివర్లో ఇంకో మాట ఉంది. ఆ గ్రంథం ఒక్క ప్రవక్తదేనన్న నిర్ణయానికి పైపైన లొంగడం చాలదు, లోపల కూడా ఒప్పుకోవాలి.

ఆ తర్వాత భోజనాల గదిలో మామయ్య పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది. ఎవరూ ఆయన్ను చెడ్డగా చూడలేదు. చలి బాగా ఉందనేవారు, రొట్టె అందించేవారు. అంతకు మించి మాట పెగిలేది కాదు. అంటువ్యాధి ఉన్నవాడి దగ్గర మంచివాళ్లు ఎలా ఉంటారో అలా ఉండేవారు.

అమ్మ ఇంటికొచ్చినా అంతే. ఇద్దరికీ చదువు తప్ప వేరే ప్రపంచం లేదాయె, చదువేమో ఎత్తకూడదు. బల్లకు చెరోవైపు కూర్చుని గోడ చూసేవారు.

“ఏం రా, ఇద్దరూ బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చున్నారు? మామా అల్లుళ్లు దెబ్బలాడుకున్నారా?” అనేది అమ్మ.

“లేదక్కా. పని ఎక్కువై అలిసిపోయాం,” అనేవాడు మామయ్య, పని అన్నదే లేని మనిషి.

అల్లుడి ఆఖరి పరీక్ష దగ్గర పడింది. పీఠంలో డాక్టరేట్ రావాలంటే అందరి ముందూ నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఎవరైనా వచ్చి ఏమైనా అడగొచ్చు. ఈసారి పైనుంచి ఒక పరిశీలకుడు కూడా వస్తున్నాడన్నారు. ఏ ప్రశ్న అడుగుతారో చిన్నపిల్లాడైనా చెబుతాడు.

ఆ వారం అమ్మ రొట్టెల దుకాణానికి వెళ్లినప్పుడు, తలుపు మూసుకున్న చప్పుడు కాగానే మామయ్య గొంతు తగ్గించి అన్నాడు:

“వాళ్లకేది కావాలో అది చెప్పు.”

“మీరు చెప్పారా?”

“నేను చెప్పలేదు కాబట్టే నువ్వు చెప్పాలి. పీఠంలో హీబ్రూ సరిగ్గా వచ్చినవాడు ఒక్కడైనా మిగలాలి. ఇద్దరమూ బయట కూర్చుంటే పెద్దాయన దేనికి చచ్చినట్టు?”

అల్లుడు, “మరి ఆ రెండో మాట? లోపల ఒప్పుకోవాలన్నారు. ఒప్పుకున్నానని ఓ ముక్క రాసిచ్చేస్తే పోలా మామయ్యా? లోపలికి తొంగి చూసేదెవరు?” అన్నాడు.

“ఆజ్ఞ పాటిస్తానని పట్టం పుచ్చుకున్న రోజు మాటిచ్చాను. నోటికి తాళం వెయ్యమన్నారు, వేశాను, అది తేలిక. లోపలికి తాళం ఎక్కడుంటుందో ఇంకా తెలీలేదు. వెతుకుతున్నాను,” అన్నాడు మామయ్య.

వెటకారం కాదు. మామయ్య ఏ పనీ సగం చేసే మనిషి కాదు. అల్లుడికి ఆ మాటకు భయం వేసింది గానీ ఎందుకో అప్పుడు తెలియలేదు.

పరీక్ష నాడు పెద్ద హాలు నిండిపోయింది. పొడవాటి బల్ల వెనక ఇస్త్రీ ఫాదరు, మరో ఇద్దరు, మధ్యలో పరిశీలకుడు. బక్కపలచని మనిషి, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అందరూ ఊహించుకున్నంత భయంకరంగా లేడు. మామయ్య చిట్టచివరి బెంచీలో, గోడవార ఉన్నాడు. మొదటి గంట వ్యాకరణంతో గడిచింది. అల్లుడు తడుముకోలేదు. అప్పుడు పరిశీలకుడు రుమాలు మడిచి పెట్టుకుని అడిగాడు:

“ఆ ప్రవక్త గ్రంథం రెండో సగం బందీల్లో ఒకడు రాశాడని కొందరంటారు. మీరేమంటారు?”

“ఒక్క ప్రవక్తే రాశాడన్నది మన చర్చి నిర్ణయం. దానికి నేను కట్టుబడి ఉన్నాను,” అన్నాడు అల్లుడు. అక్కడితో ఆగితే సరిపోయేది.

“కట్టుబడటం కాదు. కారణం చెప్పండి.”

చదువుకున్నవాడి జబ్బు అక్కడే బయటపడుతుంది. కారణమడిగితే ఆగలేడు. అల్లుడు మామయ్య దగ్గర నేర్చిన పదును మామయ్య మీదికే తిరిగింది. ఒక్కొక్క మాటా, ఒక్కొక్క క్రియా తీసుకుని, అవి ఒకే మనిషి నోట కూడా రావచ్చని చూపించాడు. ఆ తర్వాత ఊపు మీద ఇలా అన్నాడు:

“జైల్లో ఉన్నవాడే ఖైదీని ఓదార్చగలడంటే, నోరు విప్పడానికి దేవుడు మనిషి అనుభవం కోసం గుమ్మంలో కాచుక్కూర్చోవాలన్నమాట! అసలు బాధలో నిండా మునిగినవాడికి ఓదార్చే ఓపిక ఎక్కడుంటుంది? ఒడ్డున ఉన్నవాడే కదా తాడు విసరగలడు?”

పరిశీలకుడు మొదటిసారి నవ్వాడు. ఇస్త్రీ ఫాదరు తల పంకించాడు. హాలు చప్పట్లతో మోగింది. అల్లుడికి ఆ చప్పట్లు తియ్యగా ఉన్న మాట నిజం. ఆ తీపి నాలుక మీద ఉండగానే గోడవార బెంచీ వైపు చూశాడు. మామయ్య చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, క్లాసులో మంచి విద్యార్థి వినేటట్టు, తల కొంచెం పక్కకు వంచి వింటున్నాడు.

బయట నడవాలో ఎదురుపడ్డప్పుడు, “బాగా చెప్పావు,” అన్నాడు.

“మామయ్యా, అది నేను...”

“బాగా చెప్పావురా. తాడు సంగతి నాకు తట్టలేదు,” అని వెళ్లిపోయాడు.

కొద్ది రోజులకే మామయ్యను ముసలి గురువుల విశ్రాంతి గృహానికి పంపేశారు. కొండల్లో, బస్సు దిగి చాలాదూరం నడవాల్సిన చోటు. అప్పటికి ఆయన జుట్టు ఇంకా పూర్తిగా నెరవనే లేదు.

అల్లుడికి పీఠంలోనే ఉద్యోగమిచ్చారు. ఇస్త్రీ ఫాదరు పై పదవికి వెళ్లాక హీబ్రూ కుర్చీ కూడా అతనికే దక్కింది. ఆ గ్రంథం వచ్చినప్పుడల్లా, ప్రవక్త ఒక్కడే అని చెప్పి, గబగబా తర్వాతి పాఠంలోకి పోయేవాడు. తెలివైన కుర్రాడెవడైనా చెయ్యెత్తితే, గంట కొట్టే వేళయిందనేవాడు. కొండల్లోకి వెళ్లాలంటే అనుమతి కావాలి. అడిగితే ఇచ్చేవారేమో, అతను అడగలేదు. వెళ్లి ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలి? అమ్మే అప్పుడప్పుడు బస్సెక్కి వెళ్లొచ్చేది.

“ఎలా ఉన్నాడమ్మా?”

“ఉన్నాడు. కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తాడు. తిన్నావా అంటే తిన్నానంటాడు, నిద్ర పట్టిందా అంటే పట్టిందంటాడు. నేను పెంచిన పిల్లాడేనా అనిపిస్తుంది. మీ చదువుల్లో ఏం జరిగిందో నాకు తెలీదు గానీ, మనిషిని పిండేసి ఆరేశారురా.”

ఏళ్లు గడిచాయి. పైన మనుషులు మారారు. ఒక వేసవిలో కొత్త ఉత్తర్వు వచ్చింది. గ్రంథాలు ఏ కాలంలో పుట్టాయో, ఎవరి చేతుల్లో పెరిగాయో పండితులు స్వేచ్ఛగా పరిశోధించవచ్చు, భయం అక్కర్లేదు అని. విద్యాపీఠంలో పండగలా ఉంది. కొత్త రెక్టరు అల్లుడి తోటివాడే. ఆ రోజు ‘మామయ్యా’ అన్నందుకు అందరికంటే గట్టిగా నవ్వినవాడు.

“అల్లుడుగారూ, ఇంకా చూస్తారేం? వెళ్లి మామయ్యను తీసుకురండి. కుర్చీ మీద నుంచి మీరు లేస్తారా, పక్కన ఇంకోటి వెయ్యమంటారా?” అన్నాడు.

“నేను లేస్తాను,” అన్నాడు అల్లుడు. ఎన్నాళ్ల నుంచో గుండె మీదున్న బండ జరిగినట్టయింది.

విశ్రాంతి గృహంలో మామయ్య గది ఇరుకుగా, శుభ్రంగా ఉంది. మంచం, కుర్చీ, నీళ్ల జగ్గు. ఒక్క పుస్తకం కూడా లేదు. మామయ్య చిక్కి సగమైపోయాడు. మేనల్లుణ్ణి చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

అల్లుడు ఉత్తర్వు సంగతంతా చెప్పాడు. “గెలిచారు మామయ్యా. మీరే గెలిచారు. గొంతులు రెండని ఇప్పుడు ఎవరైనా అనొచ్చు. రండి, ఆ వాక్యం పూర్తిచేద్దురు గాని.”

మామయ్య ఓపిగ్గా విన్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు.

“ఒక్కడేరా,” అన్నాడు.

“ఏమిటి?”

“ప్రవక్త ఒక్కడే. ముందే చూసి, దూరం నుంచి రాశాడు. నేను పొరబడ్డాను.”

అల్లుడికి ముందు అర్థం కాలేదు. “ఇప్పుడు అలా అనక్కర్లేదు మామయ్యా. ఎవరూ వినడం లేదు. నిషేధం పోయింది.”

“నిషేధం కోసం అంటున్నానా? నన్ను అబద్ధాలకోరుననుకున్నావా?” ఆయన కళ్లలో పాత ప్రొఫెసరు ఒక్క క్షణం తొంగి చూశాడు. “లోపల ఒప్పుకోమన్నారు. వచ్చిన కొత్తలో రోజూ ప్రయత్నం చేసేవాణ్ణి, కుదిరేది కాదు. వ్యాకరణం అడ్డొచ్చేది. తర్వాత వ్యాకరణం పక్కన పెట్టి నన్ను నేను చూసుకున్నాను. నేను ఏం చెప్పాను క్లాసులో? బందీయే బందీని ఓదార్చగలడన్నాను. సరే, నేనిక్కడ బందీనే కదా. పక్కగదుల్లో ముసలివాళ్లు ఏడుస్తారు, పిలుస్తారు, చచ్చిపోతారు. ఒక్కళ్ల దగ్గరికి వెళ్లి ఒక్క మంచి మాట చెప్పలేకపోయాను. వెళ్లి గుమ్మంలో నిలబడేవాణ్ణి. మాట వచ్చేది కాదు. బందీకి ముందు కోపం వస్తుందిరా. కొన్నాళ్లకి అదీ పోతుంది. ఆ తర్వాత ఏమీ ఉండదు. ఓదార్పు అందులోంచి పుట్టదు. నేను చూశాను కదా. అంచేత అది రాసినవాడు బందీ కాడు. నువ్వే సరిగ్గా చెప్పావు, ఒడ్డున ఉన్నవాడే తాడు విసరగలడని.”

“అది పరీక్ష కోసం చెప్పాను! నేను నమ్మలేదు మామయ్యా. ఆ రోజూ నమ్మలేదు, ఈ రోజూ నమ్మను.”

“నమ్మకుండా చెప్పినా నిజం నిజమే.”

సాయంత్రం దాకా అల్లుడు వాదించాడు. మామయ్య నేర్పిన క్రియలన్నీ, మాటలన్నీ, ఆయన ముందు ఒకటొకటిగా పరిచాడు. ఆయనిచ్చిన ఆస్తిని ఆయనకే తిరిగి ఇవ్వబోతున్నట్టు. మామయ్య ప్రతిదానికీ నిమ్మళంగా జవాబు చెప్పాడు. అన్నీ అల్లుడు ఆ రోజు హాల్లో చెప్పిన జవాబులే. ఒక్కటీ మరిచిపోలేదు. చివరికి అల్లుడు మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మామయ్య చెయ్యి కొంచెం లేచింది, గాల్లోనే ఆగింది, మళ్లీ కుర్చీ చేతి మీద వాలింది.

ఇంటికొచ్చి, మామయ్య రానన్నాడని మాత్రం అమ్మకు చెప్పాడు. అమ్మ కొంగు బిగించింది.

“రానంటే? వాణ్ణి అడిగేదెవరు?” అంది. మర్నాడే బస్సెక్కి వెళ్లింది. అక్కడి గృహం పెద్ద, అనుమతి లేనిదే పంపలేమంటే, “వాడు మీకు ఫాదరేమో. నాకు తమ్ముడు. జ్వరమొస్తే ఒళ్లో వేసుకుని కూర్చున్నదాన్ని నేను. మీ కాగితాలు మీరు చూసుకోండి,” అని, తమ్ముడి రెక్క పట్టుకుని నడిపించుకుని వచ్చేసింది. ఎవరూ అడ్డుపడలేదు.

మామయ్య ఆఖరి నెలలు అక్క వంటింటి పక్క గదిలో గడిచాయి. తినమంటే తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. అల్లుడు వచ్చినప్పుడు ఇద్దరూ ఆ గ్రంథం మీద వాదించుకునేవారు, ఇప్పుడు అడ్డేమీ లేదు కదా. రెండని మేనల్లుడు, ఒకటని మేనమామ. కనీసం మాట్లాడుకుంటున్నారని అమ్మ సంతోషించేది. ఒకనాటి పొద్దున ఆమె పాలు వేడిచేసి తెచ్చేసరికి మామయ్య గోడ వైపు తిరిగి ఉన్నాడు. కప్పు బల్ల మీద పెట్టి, ఒళ్లు తాకి చూసి, పాలు చల్లారేదాకా పక్కనే కూర్చుంది. ఆ తర్వాతే కబురు పంపింది.

మామయ్య చనిపోయిన ఏడాదికి, పీఠంలో పెద్ద హాలుకు ఆయన పేరు పెడుతున్నామని రెక్టరు చెప్పాడు. ఉత్సవ సంచిక ప్రూఫులు కూడా చూపించాడు. ‘గొంతులు రెండని తొలిగా చాటి, శిక్షకు వెరవక, చివరిదాకా ఆ సత్యం మీదే నిలబడ్డ ధీరుడు’ అని ఉంది అందులో.

“ఇది నిజం కాదు. చివరికి ఆయన నమ్మలేదు. ఒక్కడే అంటూ పోయాడు,” అన్నాడు అల్లుడు.

రెక్టరు తలుపు దగ్గరగా వేశాడు. “అయ్యుండొచ్చు. ఆరోగ్యం బాగాలేదు, మనసూ బాగాలేదు. ఆ మాట ఇప్పుడు బయటపెడితే ఎవరికి లాభం చెప్పండి? ‘ఉన్నిలో తోడేళ్లు’ రాసినవాళ్లకే. వాళ్లింకా చావలేదు.”

“మనసు బాగానే ఉంది. అదే కదా ఘోరం. పిచ్చెక్కి అనుంటే సరిపెట్టుకునేవాణ్ణి.”

“అల్లుడుగారూ, ఆయన్ని గౌరవించుకుంటున్నాం. చెయ్యనివ్వండి.”

సంచికలో ఆ వాక్యం అలాగే వచ్చింది. సభ రోజు మాట్లాడమన్నారు. అమ్మ ముందు వరసలో, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అల్లుడు కాగితం లేకుండా లేచాడు.

“మీరు పేరు పెడుతున్న ఈ మనిషి, మీరు మెచ్చుకుంటున్న మాటను వదిలేసి పోయాడు,” అన్నాడు. “భయపడి కాదు. లోపల ఒప్పుకోమన్నాం, నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఎలా ఒప్పించామో తెలుసా? ఏళ్ల తరబడి గోడ ముందు కూర్చోబెట్టి. బందీని ఓదార్చే గొంతు బందీలోంచే వస్తుందని నమ్మిన మనిషి, తన లోపల వెతుక్కుని, ఏమీ దొరక్క, ఆ నమ్మకం తప్పని తేల్చుకున్నాడు. ఆయన వాదన ఈ రోజుకీ సరైనదేనని నా నమ్మకం. ఆ వాదన ఒక్క మనిషి విషయంలో తప్పయ్యేటట్టు చేసింది మనం. ఈ హాల్లో నిలబడి మాటలతో ఒక చెయ్యి వేసినవాణ్ణి నేను. ఆయన్ని ధీరుడనకండి. ఆయన్ని ఏం చేశామో దాచకండి.”

రెక్టరు నేల చూపులు చూశాడు. వెనక వరసల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. కొత్త విద్యార్థులు కాబోలు, మహానుభావుడి వినయం గురించి ఏదో గొప్పగా చెప్పాడనుకున్నారు. తర్వాత హాలంతా అందుకుంది. పీఠం చరిత్రలో అంత పెద్ద చప్పట్లు ఎప్పుడూ వినలేదని తర్వాత కొందరన్నారు. టీ ఇచ్చారు. మామయ్య పేరు చెక్కిన పలక మీద గుడ్డ తీశారు.

అమ్మను బస్సు దగ్గరికి తీసుకెళ్తూంటే చినుకులు మొదలయ్యాయి. ఆమె కొడుకు మోచెయ్యి పట్టుకుని, మెట్లు చూసుకుంటూ దిగింది.

“తమ్ముణ్ణి పొగిడావా, తిట్టావా? నాకు తేలలేదు,” అంది.

“రెండూ కాదమ్మా. మేం ఆయన్ని ఏం చేశామో చెప్పాను.”

“మంచి చేశారా?”

“లేదు.”

అమ్మ ఆగి, అతని ముఖంలోకి చూసింది. “మరి చప్పట్లెందుకు కొట్టారు?”

అప్పుడే బస్సొచ్చింది. అప్పటికే కిక్కిరిసి ఉంది. అమ్మకు ఎవరో సీటిచ్చారు. అతను ఆమె పక్కనే, పైనున్న కడ్డీ పట్టుకుని, ఇల్లు వచ్చేదాకా నిలబడ్డాడు.